రెండూ మోగాలి

ఆయనకు పేరు లేక కాదు, బ్యాంకు పుస్తకం మీద శుభ్రంగానే ఉంది. కానీ ఊళ్లో ఎవరూ దాన్ని వాడరు. అందరికీ ఆయన బావగారే. పాతికేళ్ల కిందట కంప్యూటర్ల షాపు తెరిచినప్పుడు భార్య తమ్ముణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ తమ్ముడు పొద్దున్నించి షట్టరు దించేదాకా "బావా, ఆ ర్యామ్ ఎక్కడ పెట్టావు? బావా, నీకోసం ఎవరో వచ్చారు" అంటూ ఉండటంతో, వచ్చేపోయే వాళ్లకి కూడా అదే నోట పడింది. సరుకు ఇచ్చే హోల్‌సేలు ఆయన, పక్కనున్న జిరాక్సు ముసలాయన, చివరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చే మనిషి కూడా "ఏం బావగారూ, కులాసానా" అనేవారు. షాపు బోర్డు మీద ఏముందో ఎవరికీ తెలియదు, బావగారి షాపంటే మాత్రం రిక్షావాడు కూడా తీసుకొచ్చి దింపేవాడు.

ఇంతమందికి బావగారైన మనిషి అసలు బావమరిదికి మాత్రం కాకుండా పోయాడు. ఇద్దరికీ మాటల్లేక పదహారేళ్లు.

ఇప్పుడు ఆ బావమరిది కూతురి పెళ్లి. శుభలేఖ నాలుగు రోజుల కిందట వచ్చింది. కవరు మీద పెన్నుతో "అక్కకి" అని రాసి ఉంది. అంతే. 'అక్కకి, బావకి' అని లేదు. అక్షరాల పక్కన ఇంకో మాట పట్టే చోటు మాత్రం బోలెడంత ఉంది. బావగారు ఆ ఖాళీని చూసి, చూడనట్టు కవరు తిరగేసి పెట్టేశాడు.

"ఒక్క ఫోను చెయ్యండి," అని భార్య చెవిన ఇల్లు కట్టుకుని పోరుతోంది. "తప్పు నాదేరా అని ఒక్క ముక్క. మీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"నోరు జారడం నా తప్పే. కాదని నేనెప్పుడైనా అన్నానా? కానీ పనిలో తప్పు చేసింది వాడు. చేసిన తప్పుకి వాడొక మాట అనాలా వద్దా?"

"అయితే ఆ ప్లగ్గుని ఒళ్లో పెట్టుకుని ఇక్కడే కూర్చోండి. నేను ఒక్కదాన్నే వెళ్తాను. మీ ఆయన రాలేదేం అని అడిగినవాళ్లకి ఏం చెప్పమంటారో అదైనా చెప్పండి."

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"పదహారేళ్లుగా అదే చెబుతున్నాను. జనం మీరు ఉన్నారో లేరో అని అనుమానపడుతున్నారు."

ఆ ప్లగ్గు సంగతి చెప్పకపోతే కథ ముందుకు కదలదు. కంప్యూటరు డబ్బా ముందు వైపు, హెడ్‌ఫోను గుచ్చుకోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది కదా. దాని వెనక నుంచి ఒక వైరు లోపలికి వెళ్లి మదర్‌బోర్డుకి తగులుకుంటుంది. ఆ రోజుల్లో ఆ వైరు చివర ఒకటి కాదు, రెండు ప్లగ్గులు వేలాడుతుండేవి. ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అని, రెండోదాని మీద ఏసీ 97 అని రాసి ఉండేది. మొదటిది కొత్త పద్ధతి, రెండోది పాతది. కొత్త బోర్డుకి కొత్తదే పెట్టాలి. పాతది పెట్టినా సరిగ్గా దూరుతుంది, కానీ ముందు హెడ్‌ఫోను గుచ్చిన సంగతి బోర్డుకి తెలియదు. పని నేర్చుకున్న మొదటి వారంలో అందరూ చేసే పొరపాటే అది.

బావమరిది ఎనిమిదేళ్లు పనిచేసి కూడా ఆ పొరపాటు చేశాడు. ఆ మధ్యాహ్నం షాపులో అయిదారుగురు ఉన్నారు. సాయంత్రానికి ఎవరికో పంపాల్సిన డబ్బా మూత తీసి చూస్తే ఏసీ 97 ప్లగ్గు పెట్టి ఉంది. అసలే ఆ వారం సరుకు సరిగా రాక బావగారికి కోపం ముక్కు మీద ఉంది. "బావా, అది కావాలనే..." అని వాడు ఏదో చెప్పబోయాడు. "కావాలని చేసే తప్పులు కూడా ఉంటాయిరా?" అని బావగారు అరిచాడు. అరిచి ఊరుకున్నా బాగుండేది. "కుట్టు మిషను ముందు కూర్చోవాల్సిన వాణ్ణి తెచ్చి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాను. నాదీ బుద్ధి తక్కువ," అన్నాడు.

బావమరిది తండ్రి దర్జీ. అంటే బావగారి భార్యకీ తండ్రే, బావగారికి మామగారే. చేతి పనితో ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బావమరిది చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ షాపు మెట్లు ఎక్కలేదు. ఇంకో ఊరికి మారి, ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాడని తరవాత తెలిసింది. ఆ ప్లగ్గు తీసి సరైనది పెట్టి, డబ్బాని పంపించింది బావగారే. ఆ మాట అన్నందుకు ఆయన లోలోపల ఎన్నిసార్లు సిగ్గుపడ్డాడో భార్యకి కూడా తెలియదు. కానీ ప్రతిసారీ, 'ఏదేమైనా పనిలో తప్పు వాడిదే' అన్న ఒక్క ఆధారం పట్టుకుని నిలదొక్కుకునేవాడు. పెళ్లికి వెళ్లకపోవడానికి కూడా ఇప్పుడు అదే ఆధారం.

ఆ పొద్దున టైపు అక్కచెల్లెళ్ల దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. యాభై ఏళ్లుగా టైపు పని మీదే బతికారు. పెద్దావిడకి డెబ్బై దాటాయి, చిన్నావిడకి దాటబోతున్నాయి. వాళ్లు కూడా ఆయన్ని బావగారూ అనే పిలుస్తారు. డెబ్బై ఏళ్ల పెద్దమనిషి అలా పిలిస్తే బావగారికి ఇప్పటికీ ఎటు చూడాలో తెలియదు.

"బావగారూ, ముందు హెడ్‌ఫోను పలకడం లేదండీ. పోయిన వారం మీరు ఊళ్లో లేనప్పుడు హార్డ్ డిస్కు పోయింది. వేరేవాళ్లు వచ్చి కొత్తది వేసి, సాఫ్ట్‌వేరంతా మళ్లీ ఎక్కించారు. అప్పట్నించీ మూగనోము పట్టింది. డాక్టరు గారి పుస్తకం సగంలో ఆగిపోయింది."

పదింటికల్లా బావగారు సంచీ తగిలించుకుని వాళ్ల ముందుగదిలో ఉన్నాడు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పదహారేళ్ల నాటి కంప్యూటరు, గోడవారన గుడ్డ కప్పిన పాత టైపు మిషన్లు రెండు. ఎవరో తొంభై ఏళ్ల డాక్టరు తన జీవితకథ రోజుకింత చొప్పున రికార్డు చేసి పంపుతున్నాడట. చెయ్యి వణికి రాయలేడు, గొంతు కూడా వణుకుతుంది, మాట చివర్లు మింగేస్తాడు. ఆయన బతికుండగా పుస్తకం చేతికివ్వాలని ఈ ఇద్దరి తాపత్రయం.

బావగారు పని మొదలుపెట్టాడు. హెడ్‌ఫోను తన సెల్లులో పెట్టి చూశాడు, పలికింది. డబ్బా వెనక పెట్టి చూశాడు, పలికింది. ముందు పెట్టాడు, ఉలుకూ పలుకూ లేదు. తెర మీద సౌండు పేజీ తెరిచి, ముందు గుచ్చుతూ తీస్తూ చూశాడు. వెనక గుచ్చినప్పుడల్లా తెర మీద చిన్న గుర్తు వెలుగుతోంది. ముందు గుచ్చితే ఏమీ లేదు. అంటే ముందు ఏదో గుచ్చారన్న సంగతే కంప్యూటరుకి తెలియడం లేదు.

"మూత తియ్యాలి," అన్నాడు.

పక్క రేకు తీసి, లోపలి దుమ్ము బ్రష్షుతో దులిపాడు. దుమ్ము కింద నుంచి ముదురు నీలం దారం బయటపడింది.

బావగారి చెయ్యి ఆగిపోయింది. లోపలి వైర్లన్నీ పాయలు పాయలుగా తీర్చి, అందరూ వాడే ప్లాస్టిక్ బిగింపులతో కాకుండా దారంతో కట్టి ఉన్నాయి. దర్జీలు గుండీ కుట్టి చివర వేసే ముడి ప్రతి కట్టుకీ ఉంది. అలా కట్టేవాడు లోకంలో ఒక్కడే. "కంప్యూటరుకి కుట్లు వేస్తున్నావేంట్రా, ఆపరేషనా?" అని తను ఏడిపించేవాడు. "ప్లాస్టిక్ వేడికి పెళుసెక్కి విరుగుతుంది బావా, దారం విరగదు," అనేవాడు వాడు. నిజమే. ఒక్క కట్టు కూడా వదులు కాలేదు.

షాపు నేల మీద అట్ట పరుచుకుని, మధ్యలో ఖాళీ డబ్బా పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చున్న రోజులు ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. తను చెయ్యి చాపితే ఏ స్క్రూ కావాలో అడగకుండానే అరచేతిలో పడేది. అంతా బిగించాక, మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. డబ్బాలోంచి బీప్‌మని ఒక్క కూత వినపడితే అంతా సవ్యం. రెండో మూడో వినపడితే మళ్లీ మొదటికి. ఆ ఒక్క కూత వినగానే వాడు ఎనిమిదేళ్లూ, ప్రతిసారీ, మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. ఆ నవ్వు పోయాక బావగారు కూతల కోసం ఎదురుచూడటమే మానేశాడు. ఇప్పుడాయన ఎక్కువగా ప్రింటర్లు బాగుచేస్తాడు. వాటికి కూతలుండవు.

బ్యాటరీ దీపం వేసి కింది అంచున చూశాడు. ముందు వైరు మదర్‌బోర్డుకి తగిలే చోట ఏసీ 97 ప్లగ్గు పెట్టి ఉంది. హెచ్‌డీ ఆడియో ప్లగ్గు పక్కన వేలాడకుండా దారంతో కట్టేసి ఉంది.

మనిషి మనసు ఎంత పాడుదో చూడండి. అంత తలుచుకుని బాధపడ్డవాడికి ఆ ప్లగ్గు చూడగానే లోపల సంబరం పుట్టింది. దొరికింది సాక్ష్యం! వాడు చేసిన తప్పు వాడి దారం ముడులతో సహా ఎదురుగా ఉంది. ఒకచోట కాదు, ఇంకోచోట కూడా చేశాడన్నమాట! సెల్లు తీసి రెండు ఫొటోలు తీశాడు. ఇంటికి వెళ్లి భార్య ముందు పెడితే ఇక ఆవిడ ఏమంటుందో చూడాలి.

దారం కత్తిరించి, ప్లగ్గు మార్చి, మూత పెట్టకుండానే కంప్యూటరు ఆన్ చేశాడు. ముందు హెడ్‌ఫోను గుచ్చగానే తెర మీద గుర్తు వెలిగింది. పెద్దావిడ చెవులకి తగిలించుకుంది. ఆవిడకి ఎడమ చెవి ఏనాడో పోయింది, కుడి చెవికి కూడా గట్టిగా పెడితే గానీ వినపడదు. మొహం విప్పారింది.

"వస్తోంది! డాక్టరు గారు దగ్గుతున్నారు కూడా."

"మరి నాకు రావట్లేదే," అంది చిన్నావిడ స్పీకర్ల వైపు చూస్తూ.

"రాదమ్మా," అన్నాడు బావగారు హుందాగా. "ముందు హెడ్‌ఫోను పెడితే వెనక స్పీకర్లు ఆగిపోతాయి. పద్ధతి అదే. ఇన్నాళ్లూ లోపల ప్లగ్గు తప్పుగా పెట్టి ఉంది. ఇప్పుడు సరిచేశాను."

"ఇన్నాళ్లూ ఆగలేదండీ. అక్కకి హెడ్‌ఫోనులో, నాకు స్పీకర్లో, రెండూ మోగేవి. అక్క టైపు చేస్తుంది, నేను వింటూ తెర మీద అక్షరాల వెంట వస్తాను. ఉన్న మూడు చెవులూ ఒప్పుకోందే మా ఇంట్లో మాట కాగితం ఎక్కదు. ఒక్కరే విని కొట్టింది ఇన్నేళ్లలో ఒక్క పేజీ లేదు."

బావగారు సంచీలోంచి ఒకటిని రెండు చేసే వైరు తీసి వెనక తగిలించాడు. స్పీకర్లు పలికాయి గానీ, పెద్దావిడ మొహం చిట్లించి తల అడ్డంగా ఊపింది. వెనక నుంచి వచ్చే శబ్దానికి అంత బలం లేదు, పంచేసరికి ఇంకా నీరసపడింది.

"అదేంటండీ, మీరే కదా చేయించారు?" అంది చిన్నావిడ. "మర్చిపోయారా? కొనేముందే మీ బావమరిదికి చెప్పాం, రెండూ మోగాలి నాయనా అని. అలాగేనన్నాడు. తీరా కంప్యూటరు వచ్చిన సాయంత్రం చూస్తే ఇప్పట్లాగే ఒకటి మోగితే ఒకటి లేదు. పొద్దున్నే మీకు ఫోను చేద్దామనుకుంటుంటే ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. 'బావ పంపాడండీ, చిన్న సర్దుబాటు మిగిలిపోయింది' అన్నాడు."

బావగారు ఆవిడ వైపు తిరిగాడు. "మర్నాడా?" అన్నాడు.

"మర్నాడు పొద్దున్నే. గంటసేపు కూర్చుని చేశాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, జలుబు చేసిందేమో అనుకున్నాం."

పెద్దావిడ హెడ్‌ఫోను మెడలోకి దించుకుని, "మేం మీకు థాంక్స్ కూడా చెప్పాం బావగారూ, బజార్లో కనపడినప్పుడు," అంది. "దానిదేముందమ్మా అన్నారు మీరు."

అన్నాడు. ఎందుకు చెబుతున్నారో తెలియకుండానే, జేబులో వేసుకున్నాడు ఆ థాంక్స్. ఆ రోజు షాపులో మూత తీసి చూసిన డబ్బా ఇదే. తను విన్న సగం మాట, 'కావాలనే' అన్నది, నిజంగా కావాలనే. అంతమంది ముందు తన తండ్రి మిషనుని తిట్టించుకుని బయటికి నడిచిన మనిషి, మర్నాడు పొద్దున్నే వచ్చి, ఈ ఇద్దరికిచ్చిన మాట నిలబెట్టి పోయాడు. అది కూడా తన పేరున కాదు. బావ పంపాడని చెప్పి.

పట్టుకున్న ఆధారం చేతిలోంచి జారిపోయింది. బావగారు స్టూలు మీద కూర్చుండిపోయాడు. పనిలో కూడా తప్పు తనదే. పదహారేళ్లూ తనదే.

కాసేపటికి లేచి, ఏసీ 97 ప్లగ్గు మళ్లీ పెట్టాడు. ముందు మళ్లీ మూగబోయింది. సెట్టింగులన్నీ ఒకటొకటిగా తెరిచి మూశాడు. అరగంట గడిచింది. పద్ధతి ప్రకారం చెయ్యడం తప్ప ఆయనకి ఇంకోటి రాదు, ఇది పద్ధతిలో లేనిది.

శుభలేఖ కింద అచ్చువేసిన నంబరు ఆయనకి కంఠతా వచ్చు. నాలుగు రోజులుగా చూడనట్టు చూస్తూనే వచ్చేసింది. నొక్కాడు.

"హలో, ఎవరండీ?"

"నేనేరా."

అటు నుంచి గాబరాగా, "అక్కకేమైనా అయిందా?" అని వినపడింది.

"లేదు లేదు. అక్క బాగుంది. నేను టైపు అక్కచెల్లెళ్ల ఇంట్లో ఉన్నాను. సాఫ్ట్‌వేరు మార్చారు. ముందు మోగట్లేదు."

"ప్లగ్గు ఏది పెట్టి ఉంది?" అన్నాడు బావమరిది.

"నువ్వు పెట్టిందే."

"మార్చావా?"

"మార్చాను. మళ్లీ పెట్టాను."

అటు పక్క నవ్వో నిట్టూర్పో తెలియని గాలి వినిపించింది. "ఆ ప్లగ్గు పెడితే ముందు హెడ్‌ఫోను ఉన్నట్టు బోర్డుకి తెలీదు బావా. తెలీదు కాబట్టి వెనక నోరు నొక్కదు. కానీ తెలీకపోయినా ముందుకి కూడా శబ్దం పంపమని సెట్టింగులో విడిగా చెప్పాలి. సాఫ్ట్‌వేరు మారింది కదా, అది పోయుంటుంది. సౌండు పేజీ తెరువు. కుడి పక్క, పైన, చిన్న పసుప్పచ్చ ఫోల్డరు బొమ్మ ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను," అని అప్పుడు పెట్టుకున్నాడు. "ఉంది."

"నొక్కు. ముందు ప్యానెలు గుర్తించడం ఆపేయమని ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టి ఓకే కొట్టు."

మౌసు పట్టుకున్న చెయ్యి గడి దాకా వెళ్లి అక్కడే ఆగింది. ఇది అయిపోతే ఫోను పెట్టేస్తాడు. పెట్టేస్తే మళ్లీ చెయ్యడానికి ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది?

"ఒరేయ్," అన్నాడు. "తప్పు నాది. మాటలోనే కాదు, పనిలో కూడా నాదే. నువ్వు చెప్పబోతే విన్లేదు. మీ నాన్నగారి మిషను సంగతి ఎత్తాను. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కునే ఎత్తాను, తెలుసా నీకు? ఇంటికెళ్లి విప్పుతుంటే తెలిసింది. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేకపోయాన్రా."

అక్కచెల్లెళ్లిద్దరూ కిటికీ బయటికి చూస్తున్నారు, అక్కడేదో మహా వింత జరుగుతున్నట్టు.

"ఫోను పెట్టకు బావా," అన్నాడు బావమరిది. "ముందు టిక్కు పెట్టు. ఇద్దరికీ వినపడుతోందో లేదో చూడు."

టిక్కు పెట్టాడు. పెద్దావిడ హెడ్‌ఫోను తగిలించుకుంది. స్పీకర్లోంచి వణుకుతున్న ముసలి గొంతు ఒకటి గదిలోకి వచ్చింది. ఏదో ఊళ్లో చేసిన మొదటి ఆపరేషను గురించి చెబుతోంది. పెద్దావిడ వేళ్లు కీబోర్డు మీద కదిలాయి. చిన్నావిడ పెన్సిలు అందుకుని అక్షరాల వెంట నాలుగు మాటలు నడిచి, ఆగి, అక్క వైపు చూసి తలూపింది.

"మోగుతోందా బావా? రెండూనా?"

బావగారు కళ్లజోడు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, అయినా ఏమీ కనపడలేదు. చిన్నావిడ చూసి చూసి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

"మోగుతున్నాయి నాయనా, రెండూ మోగుతున్నాయి. మీ బావగారు మాట్లాడే స్థితిలో లేరు." కాసేపు విని, బావగారి వైపు తిరిగింది. "పెళ్లికి రెండు రోజుల ముందే వాళ్ల అక్కయ్యని తీసుకుని రమ్మంటున్నాడండీ. హాల్లో మైకులు గోల పెడుతున్నాయట. మీరు వచ్చి చూసుకోకపోతే కుదరదట. ఏం చెప్పను?"

బావగారు తల ఊపాడు. ఒకసారి ఊపి ఆపలేక ఊపుతూనే ఉన్నాడు.

"తల ఊపుతున్నారు," అంది చిన్నావిడ ఫోనులోకి.